మధ్యాహ్నపు ఎండ, అరవై వేల యూనిట్ల సాచెట్టు: విటమిన్ డి వల్ల నిజంగా ఒనగూడేదేమిటి?

మీ ప్రశ్నలో చాలా విషయాలు కలిసి ఉన్నాయి కనుక ముందు వాటిని ఒకచోట చేర్చి చెప్తాను. కొండాపూర్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్న మీకు 38 ఏళ్లు. కంపెనీ చేయించిన హెల్త్ చెకప్‌లో విటమిన్ డి మిల్లీలీటరుకు 13 నానోగ్రాములని వచ్చింది. రోజూ ఉదయం ఆరున్నరకు బాల్కనీలో అరగంట ఎండలో నిలబడుతున్నా ఇంత తక్కువ ఎందుకు వచ్చిందని అడిగారు. డాక్టరు రాసిచ్చిన 60,000 యూనిట్ల సాచెట్లు ఎన్నాళ్లు వాడాలో, వాటివల్ల గుండెజబ్బు, షుగరు, క్యాన్సర్ రాకుండా ఉంటాయన్న మాట ఎంత నిజమో తెలుసుకోవాలన్నారు. మీ చెల్లెలి రెండు నెలల పాపను పొద్దుటి ఎండలో పడుకోబెట్టడం గురించి, కనిగిరి దగ్గర పల్లెలో ఉంటూ తొడల నొప్పులతో కింద కూర్చుంటే లేవలేకపోతున్న 70 ఏళ్ల మీ అమ్మగారికి ఇవే సాచెట్లు ఇవ్వవచ్చా అన్నదాని గురించి కూడా అడిగారు. జనరల్ మెడిసిన్ వైద్యుడిగా ఇలాంటి రిపోర్టులు చాలాకాలంగా చూస్తున్న అనుభవంతో, ప్రచురితమైన పరిశోధనల ఆధారంగా నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

మీరు నిలబడుతున్న వేళ విటమిన్ డి తయారయ్యే వేళ కాదు. మీ రిపోర్టులోని వింతకు చాలావరకు జవాబు అదే. మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. సూర్యకాంతిలో 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ-బి కిరణాలు తగిలినప్పుడు అది ప్రీవిటమిన్ డి3గా మారి, ఆ తరువాత ఒంటి వేడికి విటమిన్ డి3 అవుతుంది. అక్కడి నుంచి కాలేయానికి చేరి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది. ల్యాబులో కొలిచేది దీనినే, ఎందుకంటే రక్తంలో రెండు మూడు వారాలపాటు నిలిచి ఒంట్లో ఉన్న నిల్వను సూచించేది ఇదే. మూత్రపిండాలు దీనిని అవసరాన్ని బట్టి కాల్సిట్రయాల్ అనే చురుకైన హార్మోనుగా మారుస్తాయి. పేగుల్లో కాల్షియం పీల్చుకోవడానికి తోడ్పడేది ఆ హార్మోను.

యూవీ-బి కిరణాలను వాతావరణంలోని ఓజోన్ చాలావరకు పట్టేస్తుంది. సూర్యుడు నెత్తిమీదకు వచ్చినప్పుడు కిరణాలు ఆ పొరను నిటారుగా, తక్కువ దూరంలో దాటుతాయి కనుక కొంత భాగం నేలకు చేరుతుంది. పొద్దున్నే సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు అవే కిరణాలు ఎన్నోరెట్లు ఎక్కువ దూరం గాలిలో ప్రయాణించవలసి రావడంతో, నేలకు వెలుగూ కొద్దిపాటి వేడీ చేరతాయి గానీ యూవీ-బి దాదాపుగా చేరదు. అందుకే ఆరున్నర గంటల నీరెండ ఒంటికి హాయిగా ఉంటుంది, విటమిన్ డి విషయంలో మాత్రం అక్కరకు రాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు ఈ సంగతిని మన ఎండలోనే పరీక్షించి చూశారు. అక్కడ ఏడాది పొడవునా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండలోనే ఈ మార్పు బాగా జరుగుతుందని తేలింది. గడియారం చూడకుండా తెలుసుకోవాలంటే మీ నీడను చూసుకోండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నట్టు, అప్పుడు విటమిన్ డి తయారీకి వీలున్నట్టు. నీడ మీకంటే పొడవుగా ఉంటే దాదాపు లేనట్టే. హైదరాబాద్‌లో డిసెంబరు మూడో వారంలో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక మనకు ఏ నెలలోనూ ఈ వీలు పూర్తిగా పోదు, చలికాలంలో వ్యవధి కుదించుకుపోతుంది, అంతే. అమెరికాలోని బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నం బయట నిలబడినా చర్మంలో విటమిన్ డి తయారు కాదని 1980లలోనే ప్రయోగాలలో చూపించారు. బ్రిటన్‌లో చలికాలమంతా అందరూ రోజుకు 400 యూనిట్లు తీసుకునే విషయం ఆలోచించాలని, నల్లని, చామనఛాయ చర్మం ఉన్నవారు ఏడాది పొడవునా తీసుకోవడం మంచిదని ప్రభుత్వమే చెబుతోంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారికి ఈ సలహా నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

ఇక ఎంతసేపు అన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పడం కుదరదు. మన చర్మంలోని మెలనిన్ యూవీ-బిని అడ్డుకుంటుంది కనుక తెల్లవారికి చాలే సమయానికి మనకు కొన్ని రెట్లు ఎక్కువ కావాలి. చామనఛాయలో ఉన్నవారు ముఖం, చేతులు, వీలైతే మోచేతులపై భాగం కూడా ఎండ తగిలేలా మధ్యాహ్న వేళ 20 నుంచి 30 నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు ఉంటే సరిపోవచ్చునని నేను చెబుతుంటాను. చర్మం ఎర్రబడేదాకా, చుర్రుమనేదాకా నిలబడవలసిన అవసరం లేదు, నిలబడినా లాభం లేదు. ఒక స్థాయి దాటాక తయారైన ప్రీవిటమిన్ అదే ఎండకు లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే ఇతర పదార్థాలుగా మారిపోతుంది. ఎండవల్ల విటమిన్ డి ఎంత తయారైనా అది విషమయ్యే స్థాయికి చేరకపోవడానికి కారణం ఈ ఏర్పాటే; మాత్రలకు, ఇంజెక్షన్లకు ఇలాంటి అడ్డుకట్ట లేదన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

కిటికీ అద్దం వెలుగును, యూవీ-ఎ కిరణాలలో ఎక్కువ భాగాన్ని లోపలికి రానిస్తుంది గానీ యూవీ-బిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కాబట్టి ఆఫీసులో అద్దాల గోడ పక్కన కూర్చున్నా, కారులో ఎండ తగులుతున్నా లెక్కలోకి రాదు. దుమ్ము, పొగ కూడా ఇదే పని చేస్తాయి. ఢిల్లీలో 9 నుంచి 24 నెలల పిల్లల మీద చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో, కాలుష్యం బాగా ఎక్కువగా ఉన్న మోరీ గేట్ ప్రాంతంలోని పిల్లలలో సగటు 12.4 నానోగ్రాములు ఉంటే, గాలి అంతకంటే మెరుగ్గా ఉన్న గుర్‌గావ్ పిల్లలలో 27.1 ఉంది. హైదరాబాద్‌లో మీరు ఉండే వైపు నిర్మాణాల దుమ్ము తక్కువేమీ కాదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పడం మంచిది. మధ్యాహ్నపు ఎండ అన్నాను గదా అని రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో నిలబడకూడదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఏప్రిల్, మే నెలలలో సూర్యుడు ఉదయం తొమ్మిదిన్నరకే 45 డిగ్రీలు దాటుతాడు కనుక ఆ నెలల్లో పది గంటలలోపు ఓ పావుగంట చాలు. లూపస్ (ఒంటిమీద ఒళ్లే దాడి చేసే, ఎండకు ముదిరే జబ్బు) ఉన్నవారు, డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతున్నవారు, మంగు మచ్చలతో బాధపడుతున్నవారు ఎండ మాట పక్కనపెట్టి మాత్రల మీదే ఆధారపడడం మేలు. అతినీలలోహిత కిరణాలు చర్మ క్యాన్సర్‌కు కారణమన్నది నిస్సందేహంగా రుజువైన విషయమే; మన వర్ణం వారిలో అది చాలా అరుదు, కానీ కంటిశుక్లాలు, చర్మం ముడతలు పడడం మనకూ ఉన్నాయి.

ఎండ ఇంత పుష్కలంగా ఉన్న నేల మీద లోపం ఎందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. తిరుపతి పరిశోధకులే చిత్తూరు జిల్లా పల్లెల్లో పొలం పనులు చేసే వారిని, పట్టణవాసులను పోల్చి చూసినప్పుడు, పల్లెవారిలో విటమిన్ డి ఎక్కువగానే ఉంది, ఆడవారిలో కంటే మగవారిలో ఎక్కువ ఉంది. అయినా రోజంతా ఎండలో ఉండే వారిలో సైతం ఆశించినంత లేదు. ఆ రెండు వర్గాలవారి ఆహారంలోనూ కాల్షియం చాలా తక్కువగా, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువగా ఉన్నట్టు వారు గమనించారు. దీనికీ విటమిన్ డి కీ సంబంధం ఉంది. తిండిలో కాల్షియం చాలనప్పుడు రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసే పారాథైరాయిడ్ హార్మోను పెరిగి, చురుకైన రూపం ఎక్కువగా తయారై, రక్తంలోని 25-హైడ్రాక్సీ విటమిన్ డి మామూలు కంటే వేగంగా ఖర్చయిపోతుంది. అంటే ఎండ ఎంత తగిలినా, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర వంటివి పళ్లెంలో లేకపోతే ఆ నిల్వ నిలవదు. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్దలకు జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన మోతాదు రోజుకు 1,000 మిల్లీగ్రాములు. సంకటి మానేసి మూడుపూటలా తెల్లన్నానికి అలవాటు పడడంలో మనం పోగొట్టుకున్నది పీచు పదార్థం ఒక్కటే కాదు.

తిండి ద్వారా విటమిన్ డి నేరుగా అందడం మాత్రం కష్టం. కానాగంతలు, కవళ్లు వంటి కొవ్వు చేపలలో చెప్పుకోదగినంత ఉంటుంది, గుడ్డు పచ్చసొనలో కొద్దిగా ఉంటుంది, మామూలు పాలలో దాదాపు లేదనే చెప్పాలి. ప్లస్ ఎఫ్ గుర్తు ఉన్న పాల ప్యాకెట్లలో విటమిన్ డి కలుపుతారు గానీ, లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు మాత్రమే. పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఎండ తగలని వారికి రోజుకు 600 యూనిట్లు కావాలి కనుక రెండు కప్పుల కాఫీలో పోసే పాలతో అది తీరదు.

ఇప్పుడు మీ 13 అన్న అంకె సంగతి. ల్యాబు వారు 30కి తక్కువైనవన్నీ ఎర్ర అక్షరాలతో అచ్చువేస్తారు. ఈ 30 ఎక్కడిదంటే, 2011లో అమెరికాలోని హార్మోన్ల వైద్యుల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ, 20 లోపు ఉంటే లోపమని, 21 నుంచి 29 మధ్య ఉంటే చాలకపోవడమని నిర్వచించింది. దాదాపు అదే కాలంలో ఆ దేశంలోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేరే అభిప్రాయం చెప్పింది: 20 ఉంటే నూటికి 97 మందికి పైగా అవసరం తీరుతుంది, 16 ఉంటే సగం మందికి తీరుతుంది. అంటే 20 కంటే తక్కువ ఉన్న ప్రతి ఒక్కరూ రోగి కారు. 2024లో ఎండోక్రైన్ సొసైటీ కూడా తన పాత 30 గీతను సమర్థించడం మానుకుంది. పైగా ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఈ పరీక్ష మామూలుగా చేయవద్దని సూచించింది. మన దగ్గర అందుకు పూర్తిగా వ్యతిరేకంగా, ప్రతి ఆఫర్ ప్యాకేజీలోనూ విటమిన్ డి, బి12 చేర్చి సగం నగరానికి లోపమున్నట్టు కాగితాలు చేతికిస్తున్నారు. పరీక్ష చేస్తే తక్కువ రావడం ఖాయమని తెలిసినప్పుడు, ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా మాత్రలు కొనుక్కోవడమే లాభమని నా అభిప్రాయం.

అయినా మీకు పరీక్ష జరిగిపోయింది, 13 వచ్చింది, రోజంతా గదిలోనే ఉంటారు. కాబట్టి మందు వాడడం సబబే. వారానికొక 60,000 యూనిట్ల సాచెట్టు చొప్పున 8 వారాలు వాడి అక్కడ ఆపేయండి. ఆ తరువాత రోజుకు 600 నుంచి 1,000 యూనిట్ల మాత్ర గానీ, నెలకొక సాచెట్టు గానీ వేసుకోవచ్చు. రెంటిలో రోజువారీ మాత్రే మంచిదని నేననుకుంటాను, కారణం కింద చెప్తాను. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కనుక పరగడుపున కాకుండా భోజనం చేశాక వేసుకోవాలి. కాల్షియం తిండి ద్వారా అందేలా చూసుకుంటే కాల్షియం మాత్రలు అక్కరలేదు. ఒంట్లో బాధలేమీ లేనప్పుడు మళ్లీ మళ్లీ పరీక్ష చేయించడం కూడా అక్కరలేదు.

వారానికొకటి అన్నది ఒత్తి చెప్పవలసిన మాట. చీటీలో రాసింది సరిగా అర్థంకాక రోజూ ఒక సాచెట్టు చొప్పున నెలల తరబడి తాగినవారు, మోకాళ్ల నొప్పులు తగ్గలేదని ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గరకు తిరిగి ప్రతిచోటా 6 లక్షల యూనిట్ల ఇంజెక్షను వేయించుకున్నవారు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. రక్తంలో విటమిన్ 150 నానోగ్రాములు దాటిన వారిలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు. వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మగత మొదలై, గుర్తించకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొవ్వులో నిల్వ ఉండే పదార్థం కావడంతో మందు ఆపిన తరువాత కూడా ఈ బాధ వారాలు, ఒక్కోసారి నెలలు సాగుతుంది. బజారులో దొరికే విటమినే గదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అన్న ధీమా పనికిరాదు.

మీ అసలు ప్రశ్న దీనివల్ల కలిగే మేలు గురించి. ఎముకల విషయంలో సందేహమే లేదు. రికెట్స్‌తో కాళ్లు వంకరపోయిన పిల్లలకు 1919లో బెర్లిన్ వైద్యుడు కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ పాదరసపు దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి చూపించి నయం చేశాడు. ఒక చేతికి మాత్రమే కాంతి తగిలించినా రెండో చేతి ఎముకలు కూడా బాగుపడడం ఎక్స్‌రేలో కనిపించింది. అంటే చర్మంలో తయారైనదేదో రక్తం ద్వారా ఒళ్లంతా తిరుగుతోందని అర్థమైంది. పెద్దలలో ఇదే లోపం ముదిరితే ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేషియా వస్తుంది. ఎముకలో లోతుగా నొప్పి, తొడల కండరాల నీరసం, మెట్లెక్కలేకపోవడం, కింద కూర్చుంటే చేయి ఊతంగా పెట్టి లేవవలసి రావడం దీని లక్షణాలు. ఇలాంటి వారికి విటమిన్ డి, కాల్షియం ఇస్తే కొన్ని వారాలలోనే కనిపించే మార్పు వైద్యంలో అరుదుగా చూసే సంతృప్తి. పరదా పాటించే స్త్రీలు, మంచాన పడ్డ వృద్ధులు, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వంటి మందులు దీర్ఘకాలం వాడేవారు, పేగుల జబ్బులున్నవారు ఈ కోవలోకి ఎక్కువగా వస్తారు.

లోపం లేనివారికి అదనంగా ఇస్తే ఎముకలు మరింత గట్టిపడతాయా అంటే, పడవని పెద్ద ప్రయోగాలు చెప్పాయి. అమెరికాలో జరిగిన వైటల్ అనే ప్రయోగంలో 25,871 మందిని రెండు గుంపులుగా విడదీసి ఒక గుంపుకు రోజుకు 2,000 యూనిట్లు, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లకు పైగా ఇచ్చారు. 2018లో వెలువడిన మొదటి ఫలితాలలో క్యాన్సర్ గానీ, గుండెపోటు, పక్షవాతం వంటివి గానీ తగ్గలేదు. 2022లో వెలువడిన ఫలితాలలో ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. ఆ ప్రయోగంలో చేరినవారి సగటు మొదటినుంచీ 30 దగ్గర ఉంది కనుక, ఇది మీలాంటి 13 వారికి పూర్తిగా వర్తించదని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో పస ఉంది. కానీ నిండుగా ఉన్న కుండలో ఇంకా నీళ్లు పోస్తే పొర్లిపోవడమే తప్ప ఒరిగేదేమీ ఉండదన్న సంగతి దీనితో స్పష్టమైంది. అదే ప్రయోగంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్ వంటి, ఒంటిమీద ఒళ్లే దాడి చేసే జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చినట్టు కనిపించింది. ఇది ఆసక్తికరమైన ఫలితమే, అయితే మరొక ప్రయోగం నిర్ధారించేదాకా దీనిని నమ్మి మందు రాయడానికి నేను సిద్ధంగా లేను.

మన సాచెట్టుకు సూటిగా సరిపోయే ప్రయోగం ఆస్ట్రేలియాలో జరిగింది. 60 ఏళ్లు దాటిన 21,315 మందిలో సగం మందికి నెలకొకసారి సరిగ్గా 60,000 యూనిట్లే ఐదేళ్లపాటు ఇచ్చారు. మరణాలలో తేడా కనిపించలేదు. షుగరు వచ్చే అంచున ఉన్న 2,423 మందికి రోజుకు 4,000 యూనిట్లు లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన అమెరికా ప్రయోగం 2019లో వెలువడింది. మందు వేసుకున్న వారిలో 24.2 శాతం మందికి, వేసుకోని వారిలో 26.7 శాతం మందికి షుగరు వచ్చింది; ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చు. ప్రతి సాయంత్రం అరగంట నడక ఇచ్చే లాభం దీనికంటే చాలా ఎక్కువ. క్షయ విషయంలో ఆశ మరీ పాతది. చర్మ క్షయకు కాంతితో చికిత్స చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వెలసిన శానిటోరియం వంటివి గాలి, వెలుతురు ప్రధానంగా నడిచిన కాలం అది. కానీ మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలలో సగం మందికి మూడేళ్లు వారంవారం విటమిన్ డి ఇచ్చి చూస్తే, వారిలో అత్యధికులకు లోపం ఉన్నప్పటికీ, క్షయ సోకడం తగ్గలేదని 2020లో తేలింది. జలుబు, దగ్గు, న్యుమోనియా వంటి శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల మీద 2017లో 25 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు కొద్దిపాటి మేలు కనిపించింది, అది కూడా రోజూ లేదా వారంవారం చిన్న మోతాదు తీసుకున్నవారిలో. రోజువారీ మాత్ర మేలని పైన అనడానికి ఇదొక కారణం. 2025లో మరిన్ని ప్రయోగాలు కలిపి లెక్కవేసేసరికి ఆ కొద్దిపాటి మేలు కూడా తేల్చి చెప్పలేనంతగా పలచబడింది.

మరి విటమిన్ డి తక్కువ ఉన్నవారికే గుండెజబ్బులు, క్యాన్సర్, షుగరు ఎక్కువని అన్ని సర్వేలూ ఎందుకు చెబుతాయని మీకు సందేహం రావచ్చు. జబ్బుతో ఉన్నవారు బయట తిరగరు. బరువు ఎక్కువ ఉన్నవారిలో ఈ విటమిన్ రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. ఒంట్లో ఏ వాపు జబ్బు ఉన్నా దాని స్థాయి పడిపోతుంది. కాబట్టి ఆ తక్కువ అంకె చాలాసార్లు అనారోగ్యానికి కారణం కాదు, ఫలితం. ఈ తేడా తెలియకుండా రాసే ఆరోగ్య పేజీలే మీరు చదివినట్టున్నారు.

ఎండవల్ల లాభాలన్నీ విటమిన్ డి ద్వారానే రావాలని లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ మరో 40 నిమిషాలు ఆరుబయట ఆడనిచ్చినప్పుడు, మూడేళ్లలో హ్రస్వదృష్టి 30.4 శాతం మందికి, మామూలుగా ఉంచిన బడులలో 39.5 శాతం మందికి వచ్చింది. ఇక్కడ పనిచేసేది కంటికి అందే వెలుగు, దానివల్ల రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అని భావిస్తున్నారు. విటమిన్ మాత్ర వేస్తే ఈ లాభం రాదు. యూవీ-ఎ కిరణాలకు చర్మం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తపోటు కొద్దిగా, కాసేపు తగ్గుతుందని ఎడిన్‌బరో పరిశోధకులు చూపించారు. ఉదయపు వెలుగు కంటిలో పడితే ఒంటి గడియారం సరిగ్గా నడిచి రాత్రి నిద్ర వేళకు వస్తుంది. కాబట్టి ఆరున్నర బాల్కనీని మానుకోమని నేను చెప్పను. విటమిన్ కోసం మాత్రం మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు చొక్కా చేతులు మడిచి ఆఫీసు ఆవరణలో నడవండి.

పాప విషయం తేలికగా తీసుకోవద్దు. తల్లిపాలలో అన్నీ ఉన్నా విటమిన్ డి మాత్రం చాలా తక్కువ, తల్లికే లోపముంటే ఇంకా తక్కువ. అందుకే పుట్టిన కొద్దిరోజుల నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలని పిల్లల వైద్యులు చెబుతారు. దుకాణంలో దొరికే చుక్కల మందులలో మిల్లీలీటరుకు 400 యూనిట్లవీ ఉన్నాయి, 800 యూనిట్లవీ ఉన్నాయి; సీసా మారినప్పుడల్లా లేబులు చదివి కొలత సరిచూసుకోమని మీ చెల్లెలికి చెప్పండి. నలుగుపెట్టి పొద్దుటి ఎండలో కాసేపు ఉంచడం వల్ల కీడు లేదు గానీ అది చుక్కలకు బదులు కాదు, నడి ఎండలో పసిపాపను ఉంచడం అసలే కూడదు. మరొక సంగతి: పచ్చకామెర్లకు పొద్దుటి ఎండే మందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. 1950లలో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు ఎండలో ఉంచిన పిల్లల చర్మంలో పసుపు తగ్గడం గమనించడం వల్లే నేటి నీలికాంతి చికిత్స పుట్టిందన్నది నిజమే. అయినా ఎండలో ఎంత కాంతి అందిందో కొలవలేం, కామెర్లలో ఒంటికి పసుపురంగు తెచ్చే బిలిరుబిన్ ఎంత పెరిగిందో చూసి చెప్పలేం. కళ్లు, ఒళ్లు పచ్చబడిన పసికందును ఎండలో పెట్టి ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లి పరీక్ష చేయించాలి. రెండు నెలలు వచ్చినా పచ్చదనం పోని పాపకైతే ఇది మరింత అత్యవసరం.

చివరగా మీ అమ్మగారు. మీరు రాసిన లక్షణాలు ఆస్టియోమలేషియాకు సరిపోతాయి, కానీ ఊరి పేరు చూడగానే నాకు మరొకటి గుర్తొచ్చింది. మనదేశంలో ఫ్లోరైడు నీటివల్ల ఎముకలు దెబ్బతినడాన్ని మొదటిసారి వైద్య పత్రికలలో వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఆ చుట్టుపక్కల పల్లెల గురించే. కనిగిరి ప్రాంతం నేటికీ ఆ సమస్యతో ఉంది. నల్లగొండ జిల్లా పిల్లలలో కాళ్లు వంకరపోవడాన్ని 1970లలో హైదరాబాద్ పోషకాహార సంస్థ పరిశోధకులు అధ్యయనం చేసినప్పుడు కూడా అసలు కారణం ఎండ లేమి కాదు, ఫ్లోరైడు, దానికి తోడు కాల్షియం చాలని తిండి. అమ్మగారికి నడుము, మెడ బిగుసుకుపోయి వంగలేకపోతుంటే, పళ్ల మీద గోధుమరంగు చారలుంటే, బోరు నీరు ఏళ్ల తరబడి తాగి ఉంటే ఆ కోణంలో చూడాలి. పైగా ఆ వయసులో మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే సాచెట్టులోని విటమిన్ చురుకైన రూపంలోకి సరిగా మారదు, మందు వేరే ఇవ్వవలసి వస్తుంది.

కాబట్టి ఆవిడకు రక్తంలో కాల్షియం, భాస్వరం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, వీలైతే పారాథైరాయిడ్ హార్మోను చేయించండి. తుంటి, ముంజేయి, నడుము ఎక్స్‌రేలు తీయించండి. ఆవిడ విషయంలో ఈ పరీక్షలు ప్యాకేజీ బాపతు కావు, ప్రతి ఒక్కదానికీ పని ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి, కాల్షియం, భాస్వరం తగ్గి ఉంటే లోపం ఖాయమైనట్టే, అప్పుడు సాచెట్లతోపాటు కాల్షియం మాత్రలు కూడా ఇవ్వాలి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం కట్టినట్టు కనిపిస్తే ఫ్లోరోసిస్ అని అర్థం, తాగే నీరు మార్చడం ముందు జరగాలి. ఈ ఫలితాలు వచ్చేలోగా ఊళ్లో ఎవరైనా 6 లక్షల యూనిట్ల ఇంజెక్షను వేస్తామంటే ఒప్పుకోవద్దు. 70 ఏళ్లు దాటిన 2,256 మంది స్త్రీలలో సగం మందికి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధన 2010లో వెలువడింది. మందు పడ్డవారే ఎక్కువసార్లు కిందపడ్డారు, ఎముకలు విరిగింది కూడా వారికే ఎక్కువ.